ఆ నాటకం నలభై నిమిషాల్లో ఎలా అయిపోయింది?

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. ఏడాదిలో 52 పుస్తకాలు, 12 జానర్లు (అంటే నాటకం, డిటెక్టివ్, కవిత్వం లాంటి రకాలు) చదవాలని పట్టిక గీసుకుని, ఒక్క గడి కూడా ఖాళీ వదలకుండా పూర్తి చేశావు. సంతోషం. అచ్చుతప్పులు కూడా తక్కువే. మెచ్చుకోవడం అయిపోయింది కాబట్టి ఇక నాకు ఒళ్లు మండిన చోటికి వస్తాను.

నాలుగో పేజీలో ఇలా రాశావు: "నాటకం గడి మాత్రం చాలా ఈజీగా నిండింది, నలభై నిమిషాల్లో అయిపోయింది." ఏ నాటకమో చెప్పనే లేదు. మూడంకాల నాటకం అన్నావు, అంతే. అది స్టేజీ మీద ఆడితే రెండు గంటలు పడుతుంది. మరి మిగతా గంటా ఇరవై నిమిషాలు ఏమయ్యాయి? ఒకడు ప్రశ్న వేస్తే రెండోవాడు జవాబు చెప్పకుండా నిలబడిపోయిన సమయం అది. వెళ్తానని తలుపు దాకా వెళ్లిన మనిషి వెనక్కి తిరిగిన సమయం. నాటకం రాసేవాడికి చెమటలు పట్టేది అక్కడే. కాగితం మీద అది బ్రాకెట్లో "కొంచెం ఆగి" అని రెండు ముక్కలుగా ఉంటుంది. నీ కళ్లు దాన్ని దాటేసి ముందుకెళ్లిపోయాయి.

నేను చెప్పేది ఒక్కటే. పైకి చదువు. గొంతెత్తి, నోరారా చదువు. కాలక్షేపానికి చదువుకునేవాళ్లు ఎలా చదువుకున్నా నాకు అభ్యంతరం లేదు. నువ్వు కథలు రాస్తానంటున్నావు. రాసేవాళ్లు నోరు కదపకుండా చదివిన పుస్తకాన్ని లెక్కలో వేసుకోకూడదు. మొత్తం చదవలేకపోతే పోనీ, ఒక్కో పుస్తకంలో పది పేజీలైనా నీ గొంతులోంచి వెళ్లాలి.

ఈ సంగతి నాకు ఏ గురువూ చెప్పలేదు. నేను రాసింది ఎవరూ వేసుకోని రోజుల్లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫుల పనికి కుదిరాను. అప్పట్లో ప్రూఫు ఇద్దరం కలిసి చూసేవాళ్లం. పెద్దాయన గ్యాలీ, అంటే దిద్దడానికి తీసిన అచ్చు కాగితం, ముందేసుకుని పెన్సిలు పట్టుకుని కూర్చుంటే, నేను రాతప్రతి పైకి చదవాలి. కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. "అతను తలుపు తీశాడు ఫుల్‌స్టాప్ ఆమె కామా గొడుగు మడుస్తూ కామా నవ్వింది" అని రోజంతా అదే పాట. పొద్దున ఏదో సంఘం వార్షిక నివేదిక, మధ్యాహ్నం డిటెక్టివ్ నవల, సాయంత్రం పశువైద్యం పుస్తకం. నీ పన్నెండు గళ్లూ మాకు అడక్కుండానే నిండిపోయేవి. గొంతు పట్టేసేది. జీతం సంగతి ఎత్తకపోవడమే మంచిది.

అక్కడ తెలిసొచ్చింది, ఎవరి వాక్యం ఊపిరికి లొంగుతుందో, ఎవరిది అడ్డం తిరుగుతుందో. బాగా పేరున్న ఒక నవలాకారుడి వాక్యాలు సగానికి వచ్చేసరికి నాకు ఊపిరి అందేది కాదు, క్రియ ఇంకా రెండు లైన్ల దూరంలో ఉండేది. పశువైద్యం రాసినాయన మాత్రం, గేదె ఈనేటప్పుడు దూడ కాళ్లు ముందుకు రాకపోతే ఏం చెయ్యాలో పొట్టి పొట్టి వాక్యాల్లో చెప్పుకుంటూ పోయాడు. నాలిక ఒక్కచోట కూడా తడబడలేదు. పెద్దాయన పెన్సిలు పక్కన పెట్టి మరీ విన్నాడు. "చేత్తో చేసినవాడు రాసిందిరా ఇది" అన్నాడు. ఆయన దగ్గర నాకు దొరికిన సాహిత్య విమర్శ అంతే, ఈరోజుకీ అదే వాడుకుంటున్నాను.

చాదస్తం అంటావేమో. మార్క్ బ్రిస్‌బార్ట్ అనే ఆయన చదివే వేగం మీద జరిగిన పరిశోధనలన్నీ పోగేసి 2019లో ఒక లెక్క తేల్చాడు. ఇంగ్లిష్‌లో కథలూ నవలలూ మనసులో చదువుకుంటే సగటున నిమిషానికి 260 మాటలు, పైకి చదివితే 183. మన మాటల పొడవు వేరు కాబట్టి ఆ అంకెలు మనకి అలాగే అతకవు. అయినా సరదాకి లెక్కేస్తే నీ 52 పుస్తకాలు 36 దగ్గర ఆగిపోతాయి. ఆగనీ. ఎవరికి నష్టం?

డిటెక్టివ్ గడి ఎదురుగా "టైంపాస్" అని రాసి ఊరుకున్నావు. ఈ మాట వింటే నాకు ఒక సంపాదకుడు గుర్తొస్తాడు. నా కథ ఒకటి "మిస్టరీ వాసన కొడుతోంది" అని తిప్పి పంపాడు. ఏమీ జరగని కథలకు మోజున్న కాలం అది. ఒకాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు, పదిహేను పేజీల తర్వాత కూడా చూస్తూనే ఉంటాడు, బహుమతి వస్తుంది. కొన్నేళ్లు పోయాక అదే పత్రిక క్రైమ్ కథల ప్రత్యేక సంచిక వేస్తూ నన్నూ కథ అడిగింది. పంపలేదు. ఇప్పుడు ఇంకో రకం తద్దినం, కథ పంపేముందే దాని జానర్ ఏమిటో ఫారంలో నింపాలట.

టైంపాస్ అన్నావే, ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. మొదటిది చూడు: నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలి, కానీ అతని ఆలోచనలు పాఠకుడికి తెలిసి ఉండకూడదు. అంటే ఆ మనిషిని మాటల మీదే నడిపించాలి. హంతకుడెవరో తెలిశాక వెనక్కి వెళ్లి వాడి సంభాషణలు మాత్రం పైకి చదువు. అబద్ధం చెప్పేవాడు ఎక్కడ అవసరానికి మించి మాట్లాడాడో నీ నోటికే దొరికిపోతుంది. సంభాషణ రాయడం నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన బడి లేదు.

నాటకం గడి చెరిపేసి మళ్లీ నింపు. గురజాడ కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చువేసి, బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్లీ తెచ్చారు. రెండూ సంపాదించు. రెండింట్లోనూ ఉన్న ఒక సన్నివేశం పట్టుకుని, ముందు పాతది, వెంటనే కొత్తది పైకి చదువు. ఒకే రచయిత తన చెవిని తానే ఎలా సరిదిద్దుకున్నాడో వినాలంటే మనకి అంతకంటే మంచి పాఠం ఇంకోటి లేదు. వారం పట్టినా ఫరవాలేదు.

యాత్రాసాహిత్యానికి కూడా "కళ్లకు కట్టినట్టు" అనే అరిగిపోయిన ముక్కతో సరిపెట్టావు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆయన ఉద్యోగం మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. ఒకరన్నమాట ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడమే పని. వ్యావహారికం కోసం ఎవరూ ఉద్యమం చెయ్యకముందే ఆయన వచనంలో నోటి మాట వినిపిస్తుందంటే, అది ఆ ఉద్యోగం చలవే అని నా అనుమానం. రుజువు అడక్కు.

ఇంత చిరాకు పడ్డవాణ్ని ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, తొమ్మిదో పేజీలో నీకు తెలియకుండానే ఒక మంచి వాక్యం పడింది. కవితా సంపుటి చదువుతూ కరెంటు పోతే ఫోన్ వెలుతురులో అమ్మకి చదివి వినిపించావట. మూడో కవిత దగ్గర ఆవిడ ఆపి, "అది మళ్లీ చదువు" అందట. అక్కడ నేను కుర్చీలో ముందుకు జరిగాను. నువ్వేమో ఫుల్‌స్టాప్ పెట్టి, "తర్వాత సైన్స్ ఫిక్షన్ మొదలుపెట్టాను" అన్నావు! ఏ లైను దగ్గర ఆపింది? రెండోసారి చదివేటప్పుడు నీ గొంతు మారిందా? ఆవిడ ఏమైనా అందా, ఊరికే ఉందా? పదకొండు పేజీల్లో బతికున్న మనిషి ఒక్కరు కనబడితే రెండు లైన్లలో పంపించేశావు.

ఆడియోబుక్స్ లెక్కలోకి వస్తాయా అని అడిగావు. వినడం మంచిదే, విను. కానీ అక్కడ ఎక్కడ ఆగాలో ఇంకెవరో నిర్ణయించేశారు. నీ తరఫున వాళ్లు కష్టపడ్డారు, అందుకని నేను ఒప్పుకోను. మిగతా ప్రశ్నలకి ఇప్పుడు ఓపిక లేదు.

వ్యాసం తిరిగి పంపుతున్నాను. "అద్భుతం", "తప్పక చదవాల్సిన పుస్తకం" అన్న చోటల్లా పెన్సిలుతో కొట్టేశాను, పేజీ తెల్లగా కనబడితే కంగారుపడకు. పట్టికా, నక్షత్రాల రేటింగులూ తీసెయ్. ఆ మూడో కవిత దగ్గర మొదలుపెట్టి నాలుగు పేజీలు రాయి. ఈ నెలాఖరులోగా పంపితే చూస్తాను. ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, కొన్నాళ్లు కాగితాలు ముట్టుకోవద్దన్నారు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు