పదిహేనేళ్ల నేవీ తర్వాత బయట ఏం పని దొరుకుతుంది?

ఇక్కడ ఒక తమ్ముడు అడిగింది ఇది: నేవీ ఎలక్ట్రికల్ బ్రాంచిలో పెట్టీ ఆఫీసర్‌ని (ఆర్మీలో హవల్దార్ లాంటి ర్యాంకు), వయసు 34, వచ్చే ఏడాదికి 15 ఏళ్లు నిండుతాయి, ఎక్స్‌టెన్షన్ తీసుకుని ఇంకొన్నేళ్లు ఉండాలా, పెన్షన్ తీసుకుని వచ్చేయాలా, వచ్చేస్తే బయట పని దొరుకుతుందా అని.

నేను ఇంటర్ అవగానే 2003లో చేరి, 2018లో పెట్టీ ఆఫీసర్‌గానే బయటికొచ్చాను. మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. నాది మెకానికల్ బ్రాంచి, అంటే ఓడ అడుగున ఇంజిన్ రూములో చెమటలు కక్కే స్టోకర్లం. ఇప్పుడు పరవాడ ఫార్మాసిటీలో ఒక కంపెనీలో యుటిలిటీస్ చూస్తున్నాను. బాయిలర్లు, చిల్లర్లు, జనరేటర్లు, కంప్రెసర్లు అన్నమాట. బయటికొచ్చాక ఈ ఉద్యోగం దాకా రావడానికి రెండేళ్లు పట్టింది. నిజానికి ఆరు నెలలు చాలు. మిగతా ఏడాదిన్నర నా తెలివితక్కువతనం వల్ల పోయింది, కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను.

ముందు ఎక్స్‌టెన్షన్ సంగతి. 15 ఏళ్లు చేసినా, 20 చేసినా పెన్షన్ చివరి జీతంలో సగమే. ఇంకో ఐదేళ్లు ఉంటే పెన్షన్ పెరిగేది నీ జీతం పెరిగిన మేరకే. చీఫ్ (పెట్టీ ఆఫీసర్ పై ర్యాంకు) ప్రమోషన్ దగ్గర్లో ఉందనుకో, ఉండు. పిల్లలు టెన్త్‌లో ఉండి మధ్యలో స్కూలు మార్చడం ఇష్టం లేదనుకో, ఉండు. ‘బయట ఏమవుతుందో’ అనే భయంతో మాత్రం ఉండకు. బయట నీ పై అధికారి పాతికేళ్ల కుర్రాడు అయ్యే అవకాశం చాలా ఉంది. 34లో అది కష్టంగానైనా మింగుడుపడుతుంది. 40 దాటాక గొంతులోనే ఉండిపోతుంది. మా బ్యాచ్‌వాళ్లలో చూశాను.

ఇక పని. పని దొరుకుతుంది. మనకి వచ్చిన పనిని బయటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పుకోవడమే మనకి రాదు.

బయటికొచ్చే ముందు నేను రాసుకున్న బయోడేటా ఇప్పటికీ దాచుకున్నాను. మొదటి పేజీ నిండా ఐఎన్‌ఎస్ చిల్కా, ఐఎన్‌ఎస్ శివాజీ, ఐఎన్‌ఎస్ జలాశ్వ అంటూ పేర్లు, తేదీలు, ర్యాంకులు. హైదరాబాద్‌లో ఒక ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ అమ్మాయి అది చదివి చాలా మర్యాదగా అడిగింది: “సార్, ఈ శివాజీ షిప్‌లో ఏయే దేశాలు తిరిగారు?” శివాజీ ఓడ కాదు కదా, లోనావాలా కొండల్లో ఉన్న ట్రైనింగ్ సెంటర్! మన నేవీలో ఒడ్డున ఉన్న సెంటర్లకీ ఐఎన్‌ఎస్ అనే పేరు పెడతారని ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది? నేను పది నిమిషాలు అదే వివరించాను. ఉద్యోగం రాలేదు. మా పెద్దమ్మ కొడుకైతే ఇంకో అడుగు ముందుకేసి, “పెట్టీ కేసు విన్నాను గానీ పెట్టీ ఆఫీసరేట్రా?” అన్నాడు.

గాజువాకలో మా సీనియర్ ఒకాయన ఉన్నారు, మాస్టర్ చీఫ్‌గా రిటైరయ్యారు. ఆయన నా బయోడేటా చూసి పెన్ను తీసి ఓడల పేర్లన్నీ కొట్టేశారు. “ఎక్కడున్నావన్నది కాదు, చేత్తో ఏం చేశావో చెప్పు” అని ఒక్కొక్కటీ అడిగారు. జనరేటర్లు ఎన్ని? ఓవర్‌హాల్ నువ్వే చేశావా, పక్కన నిలబడ్డావా? బాయిలర్ నీళ్లు ఎవరు టెస్ట్ చేసేవారు? నీ వాచ్‌లో, అంటే డ్యూటీ షిఫ్టులో, ఎంతమంది? జలాశ్వ ఆవిరితో నడిచే ఓడ. అమెరికా నేవీలో ట్రెంటన్ అనే పేరుతో ఉన్నదాన్ని 2007లో మనవాళ్లు కొన్నారు. బాయిలర్ నీళ్లు రోజూ టెస్ట్ చేసి, మందు ఎంత వేయాలో లెక్క కట్టడం అక్కడ నా పనుల్లో ఒకటి. నాకది ఓ చెప్పుకోదగ్గ పనిగానే తోచలేదు, పొద్దున్నే పళ్లు తోముకోవడం లాంటిది. ఆయన మాత్రం, “ఒరే, ఫార్మా కంపెనీ వాడికి కావలసింది ఇదేరా” అని దాన్ని మొదటి లైన్లో పెట్టించారు. రెండు వారాల్లో రెండు ఫోన్లు వచ్చాయి.

నువ్వు ఎలక్ట్రికల్ కాబట్టి జామ్‌నగర్ వల్సూరాలో చేసిన కోర్సుల పేర్లు కాదు, స్విచ్‌బోర్డులు, బ్రేకర్లు, మోటార్లు, ఆల్టర్నేటర్లలో నువ్వు విప్పి బిగించినవి రాయి. దానితో పాటు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వైర్‌మ్యాన్ పర్మిట్, సూపర్‌వైజర్ పర్మిట్‌లలో నీకు ఏది వస్తుందో కనుక్కుని ఇప్పుడే ప్రయత్నం మొదలుపెట్టు. నాకు బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఎలా పనికొచ్చిందో నీకు అది అలా పనికొస్తుంది. బయట ఆ కాగితం లేకపోతే నీ పదిహేనేళ్లు కబుర్ల కిందే లెక్క. ఆఖరి ఏడాదిలో డీజీఆర్ (మాజీ సైనికుల పునరావాసం చూసే ప్రభుత్వ విభాగం) వాళ్ల రీసెటిల్‌మెంట్ కోర్సులుంటాయి, మనకి ఫీజు ఉండదు. చాలామంది ఇంటికి దగ్గరని ఏదో ఒక కోర్సు పెట్టించుకుని సెలవులా గడిపేస్తారు. నేనూ అదే చేశాను, దాని సర్టిఫికెట్ ఒక్కరోజు కూడా ఎవరికీ చూపించలేదు.

(మా అక్క కొడుకు అగ్నివీర్. వాడికి నాలుగేళ్లే, పెన్షన్ లేదు, చివర్లో సేవానిధి 11.71 లక్షల దాకా వస్తుంది, నూటికి పాతిక మంది వరకే పర్మనెంట్ చేస్తారు. వాడికైతే చేరిన రోజు నుంచే ఈ కాగితాల గోల పెడుతున్నాను.)

గవర్నమెంట్ ఉద్యోగమే కావాలంటే కొన్ని విషయాలు గుర్తుపెట్టుకో. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులుగా మనకి 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం కోటా ఉంది. వయసులోంచి సర్వీసు మొత్తం తీసేసి, పైన ఇంకో మూడేళ్లు సడలింపు ఇస్తారు. డిగ్రీ లేకపోయినా 15 ఏళ్ల సర్వీసుంటే కొన్ని గ్రూప్ సి పోస్టులకి డిగ్రీతో సమానంగా చూస్తారు. అయితే ఆఫీసర్ పోస్టులకి అది చెల్లదు, ప్రైవేటువాడు అసలు పట్టించుకోడు. ఇగ్నోలో డిగ్రీ మధ్యలో వదిలేసి ఉంటే పూర్తి చేసేయ్. సర్వీసు ముగియడానికి ఏడాది ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, నేవీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కావాలి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఆ ఏడాదిలో సగం సముద్రంలో ఉన్నాను, మిగతా సగం రేపు చూద్దాం అనుకున్నాను. బయటికొచ్చాక బ్యాంకు పరీక్ష రెండుసార్లు రాశాను. మొదటిసారి ఇంగ్లిష్‌లో పోయింది. రెండోసారి లెక్కల్లో టైం చాల్లేదు. మనకి కటాఫ్ తక్కువ అని నిర్లక్ష్యం చేయకు. రోజూ కోచింగ్‌కి వెళ్లే ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన కూర్చుని, గంటలో వంద ప్రశ్నలు తేల్చడం వేరే విద్య.

ఇంకో మెలిక. ఎక్స్‌సర్వీస్‌మన్ కోటాలో ఒకసారి గవర్నమెంట్ ఉద్యోగంలో చేరితే ఆ కోటా అక్కడితో అయిపోయినట్టే. కాకపోతే చేరకముందే అప్లై చేసిన మిగతా పోస్టుల వివరాలన్నీ, చేరగానే ఆఫీసులో రాసిస్తే వాటి వరకు హక్కు నిలుస్తుంది. మా బ్యాచ్‌మేట్ ఒకడు ఇది తెలియక చిన్న పోస్టులో చేరి, తర్వాత వచ్చిన మంచిదాన్ని వదులుకున్నాడు. ప్రైవేటులో చేరితే మాత్రం ఆ హక్కు పోదు. కాబట్టి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోకు.

ఇంట్లో కూర్చోలేక నేను చేసింది ఇంకో పొరపాటు. హైదరాబాద్‌లో పెద్ద అపార్ట్‌మెంట్లలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాను, నెలకి 18 వేలు. ఆ పని తక్కువదని అనను. కానీ ఐదు నెలలు విజిటర్ల రిజిస్టర్ చూసుకుంటూ ఉంటే పానా పట్టడం చేతులు మర్చిపోతాయి. అడిగేవాళ్లు కూడా “చివరి ఉద్యోగం సెక్యూరిటీనా?” అని అక్కడే ఆగిపోతారు.

తర్వాత ఒక ప్లాంటులో షిఫ్ట్ ఆపరేటర్‌గా దొరికింది. ఇప్పుడున్న కంపెనీ కాదు, దీనికి ముందుది. చేరిన రెండో వారం నైట్ షిఫ్ట్. ఓడలో గంటగంటకీ తిరిగి ప్రెషర్లు, టెంపరేచర్లు చూసి లాగ్ రాస్తాం. నడిరాత్రి వాచ్‌లో నిద్ర ముంచుకొస్తున్నా రాస్తాం. ఇక్కడ తెల్లారి ఐదున్నరకి చూస్తే, కుర్రాడొకడు కుర్చీలో కూర్చుని ఎనిమిది గంటల రీడింగులూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో నింపేస్తున్నాడు. అన్ని గళ్లలోనూ దాదాపు ఒకే అంకె. నాకు ఒళ్లు మండిపోయింది. మన పద్ధతిలో నిలబెట్టి నాలుగు దులిపేశాను. హిందీ తిట్లు కూడా పడ్డాయి, దాచడమెందుకు. మర్నాడు మేనేజర్ పిలిచి, “ఇక్కడ నీ కింద సెయిలర్లు ఎవరూ లేరు. వాడు నాలుగేళ్ల నుంచి ఉన్నాడు, నువ్వు రెండు వారాల నుంచి ఉన్నావు” అన్నాడు. తప్పుడు రీడింగులు రాసినవాడు బానే ఉన్నాడు, సంజాయిషీ నేను రాసిచ్చాను. ఆ రోజు బస్సులో ఇంటికెళ్తూ, రేపే వెళ్లి ఎక్స్‌టెన్షన్ అడిగితే ఇస్తారా అని పిచ్చిగా ఆలోచించాను.

నెల తర్వాత అదే కుర్రాడి షిఫ్టులో కూలింగ్ వాటర్ పంపు తేడాగా మోగుతోంది. ఈసారి నోరు మూసుకున్నాను. పొడుగు స్క్రూడ్రైవర్ తీసి మొన బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. తర్వాత వాడి చేతికిచ్చి వినమన్నాను. లోపల గరగర వాడికీ వినిపించింది. “ఇది నిన్న రాత్రి నుంచే మొదలై ఉంటుంది. గంటగంటకీ చెయ్యి పెట్టి చూసి ఉంటే వేడి తెలిసేది” అన్నాను, అంతే. స్టాండ్‌బై పంపు వేసి, ఆ బేరింగ్ మార్చాం. ఆ తర్వాత వాడు గంటగంటకీ తిరిగాడని చెప్పను, రెండు గంటలకోసారి తిరిగేవాడు. నన్ను మాత్రం ‘అన్నా’ అనడం మొదలుపెట్టాడు. నేను అక్కడ మానేసి వచ్చినా ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. ర్యాంకు చూసి మాట వినే రోజులు గేటు దాటగానే అయిపోతాయని నాకు అర్థం కావడానికి ఒక సంజాయిషీ కాగితం ఖర్చయింది.

డబ్బు గురించి కూడా చెప్పాలి. గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్, ఇన్సూరెన్సు, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) అన్నీ కలిపి నాకు 20 లక్షలకి పైనే ఒకేసారి వచ్చింది. సగం పెన్షన్ దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, ఆ భాగం మళ్లీ 15 ఏళ్లకి గానీ తిరిగి రాదు. డీఏ మాత్రం పూర్తి పెన్షన్ మీదే లెక్కిస్తారు. ఆ డబ్బు ఖాతాలో పడిన వారానికే ఎప్పుడూ పలకరించని చుట్టాలు కూడా టీ తాగడానికి వచ్చారు. “పెన్షనొస్తంది కదరా, ఇంకా పనేటి నీకు?” అని ఒకరు, భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కన ప్లాటు అని ఇంకొకరు. ప్లాటుకి ఆరు లక్షలు కట్టాను. లేఅవుట్‌కి అప్రూవల్ లేదని ఏడాది తర్వాత తెలిసింది. ఆ ఆరు లక్షలు ఇప్పటికీ అక్కడే గడ్డి మొలిపిస్తున్నాయి. కాబట్టి మొదటి ఏడాది ఆ డబ్బుని ఫిక్స్‌డ్ డిపాజిట్లో పడేసి, ఎవరడిగినా “మా ఆవిడ పేరు మీద వేశాను, తీయడానికి లేదు” అను. అబద్ధమైనా పర్లేదు.

ఆవిడ మాట వచ్చింది కాబట్టి: పదిహేనేళ్లు ఇల్లు నడిపింది తను. నేను రాగానే వాటర్ మోటారుకి టైం టేబుల్, గ్యాస్ బండకి డైరీ పెట్టాను. మూడో నెలలో “మీరు ఇంటికి వచ్చినట్టు లేదు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టుంది” అంది. డైరీ తీసేశాను. మోటారు టైం టేబుల్ మాత్రం ఉంది, బిల్లు తగ్గింది మరి.

ఈ ఏడాది ఏం చేయాలని అడిగితే, అన్నిటికన్నా ముందు పేర్లు సరిచూసుకో. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, ఇంకో దాంట్లో వెనక, మరోదాంట్లో ఒక్క అక్షరంగా ఉంటాయి. సర్వీస్ రికార్డులో మా ఆవిడ పేరు చివర ‘అమ్మ’ ఉంది, ఆధార్‌లో లేదు. ఆ ఒక్క ‘అమ్మ’ కోసం నేను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. ఇప్పుడు పెన్షన్ అంతా స్పర్శ్ అనే రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్‌లో ఆన్‌లైన్ అయింది, తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది. బయటికొచ్చాక కన్నా సర్వీసులో ఉండగానే దిద్దించుకోవడం చాలా తేలిక. డిశ్చార్జ్ బుక్ చేతికి రాగానే స్కాన్ తీయించి పెట్టుకో. బ్యాంకులో ఆవిడతో కలిపి జాయింట్ ఖాతా తెరువు.

ఓడ ఒడ్డుకి రాగానే ఇంటికి ఫోన్ చేసి, ఆధార్, సర్వీస్ రికార్డు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవమను. తేడా కనిపిస్తే ఇక్కడే రాయి, ఏ ఫారం పెట్టాలో చెబుతాను.