చిన్నీ, ముందు పోల్ సంచి సంగతి

చిన్నీ,

నువ్వు కొరియాలో జరిగే పోల్ వాల్ట్ పోటీకి సెలెక్ట్ అయ్యావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మోటారు కట్టేయడానికి పొలానికి వెళ్ళినవాణ్ణి, అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. సంతోషం ఒక పక్క, దడ ఒక పక్క. ఇంటికొచ్చి అత్తకు చెబితే "పిల్ల విమానం ఎక్కుతుంటే మీకెందుకండీ ఆ మొహం" అంది. ఎందుకో నీకైనా చెప్పాలని ఇది రాస్తున్నాను.

వీసా, టికెట్ల సంగతి మీ కోచ్ చూస్తారు. కొరియా టైము మనకంటే మూడున్నర గంటలు ముందు, కాబట్టి వారం ముందు నుంచే ఫోన్ పక్కన పడేసి తొందరగా పడుకో. పోటీ బట్టలు, బూట్లు చేతి బ్యాగులోనే ఉండాలి, స్పైకు మేకులు మాత్రం విప్పి పెద్ద పెట్టెలో వెయ్యి. అమ్మమ్మ లేహ్యం డబ్బా ఇస్తుంది, ఆవిడ మనసు నొప్పించకుండా తీసుకో, కానీ నోట్లో వేసుకోకు. జలుబు మాత్ర కూడా డాక్టరుకు చూపించకుండా మింగొద్దు. కొన్నిట్లో సూడోఎఫెడ్రిన్ అనే మందు ఉంటుంది, పోటీ రోజు డోపింగ్ పరీక్షలో అది ఒంట్లో మోతాదు మించి దొరికితే తెలియక వేసుకున్నాను అంటే ఎవరూ వినరు.

ఇక నువ్వు ఊతంగా పట్టుకుని ఎగిరే పోల్స్. గన్నవరంలో చిన్న ఏటీఆర్ విమానం ఎక్కుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, దాని పొట్టలో నీ 4 మీటర్ల పోల్ పట్టదు. హైదరాబాద్ వరకు రోడ్డు మీదే వెళ్ళండి. మధ్యలో విమానం మారాల్సి వస్తే ఆ రెండో దానిలో కూడా పోల్స్ పడతాయో లేదో ముందే అడిగి, వాళ్ళు పంపిన మెయిల్ కాగితం మీద ప్రింటు తీసి దగ్గర పెట్టుకో. కౌంటర్‌లో ఉన్న మనిషికి పోల్ వాల్ట్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు, కాగితం ఉంటే వింటాడు. బీజింగ్‌లో 2008 ఒలింపిక్స్ ఫైనల్లో బ్రెజిల్ అమ్మాయి ఫాబియానా మురెర్ పోల్ ఒకటి కనిపించకుండా పోయింది. పాపం మైదానమంతా వెతుక్కుంది, చివరికి పదో స్థానం. అదే మురెర్ మూడేళ్ళకి, నువ్వు వెళ్తున్న ఆ కొరియాలోనే, డేగులో 4.85 మీటర్లు ఎగిరి ప్రపంచ ఛాంపియన్ అయింది. భయపెట్టడానికి కాదు చెప్పేది. అంత పెద్ద పోటీలో కూడా పోల్ తప్పిపోతుంది, అందుకని దిగగానే ముందు పోల్స్ లెక్క చూసుకో, తర్వాతే గది, తిండి. ఒకవేళ ఎవరి పోలో అడిగి తీసుకోవాల్సి వస్తే దాని మీద రాసిన బరువు చదువు. నీ బరువు కంటే తక్కువకి చేసిన పోల్ ఎంత బాగున్నా ముట్టుకోకు.

ఇప్పుడు నా సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

1993 డిసెంబరు. విదేశంలో జరిగే పోటీకి మద్రాసులో సెలెక్షన్. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, ఇప్పుడు నీకున్నట్టే. పాస్‌పోర్టు అప్పటికే చేయించారు. మా హాస్టల్ గోడ మీద ఎవరో చాక్‌పీసుతో 5.10 అని రాశారు, 1987లో విజయ్ పాల్ సింగ్ ఎగిరిన ఎత్తు, అప్పటి మన దేశ రికార్డు. రోజూ దాన్ని చూస్తూ పళ్ళు తోముకునేవాణ్ణి. బయల్దేరే ముందు ఇంటికొస్తే మీ అమ్మ, పెళ్ళికాక ముందు మాట, ధాన్యం బస్తాల మీద కప్పే బరకం రెండు ముక్కలు తీసుకుని, లోపల పాత బొంత పరిచి, నా పోల్‌కి ఇంత పొడుగు సంచి కుట్టిపెట్టింది. మిషన్ మీద అంత మందం గుడ్డ నడవక చాలా భాగం చేత్తో కుట్టింది. వేళ్ళకు సూది గాట్లు నేను చూశాను. చూసి కూడా, మద్రాసు కుర్రాళ్ళ ముందు ఆకుపచ్చ బరకం సంచి ఏమిటని సిగ్గుపడి, దాన్ని హాస్టల్లో మంచం కింద తోసి పోల్ ఉత్తిదే పట్టుకెళ్ళాను.

అప్పట్లో రైల్లో పోల్స్ లోపల పట్టకపోతే కిటికీ చువ్వలకు బయట నుంచి తాళ్ళతో కట్టేవాళ్ళం. రాత్రి ఏ స్టేషన్లో ఏం తగిలిందో తెలియదు. పొద్దున గ్రౌండ్‌లో తుడుస్తుంటే మధ్యలో, సరిగ్గా వంగే చోట, బొటనవేలి గోరుకి గాటు తగిలింది. బియ్యం గింజంత. అది హాస్టల్ పోల్, నాకు సరిపోయేది అదొక్కటే. సార్‌కి చెబితే ఎగరనివ్వరు. నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి, గ్రిప్ కోసం అన్నట్టు నటించాను. 4.20 దాటాను. 4.40కి పోల్ రన్‌వే చివర పోల్ గుచ్చే గుంటలో, అదే బాక్స్‌లో, పడి బాగా వంగిన క్షణంలో తుపాకీ పేలినట్టు చప్పుడు. కళ్ళు తెరిచేసరికి రన్‌వే పక్కన నేల మీద ఉన్నాను, ఎడమ మణికట్టు విరిగింది. ఫైబర్ పీచులు అరచేతిలో దిగి నెల రోజులు తీస్తూనే ఉన్నారు. పాత పోల్, అందుకే విరిగిందని అందరూ అన్నారు. నేనూ అవునన్నాను. ఆ పాస్‌పోర్టులో ఒక్క ముద్ర పడలేదు.

అందుకే చెబుతున్నాను తల్లీ, రోజూ పొద్దున పోల్ పొడవునా గోరు పెట్టి చూసుకో. నీ పోల్ నేల మీద ఎవరి స్పైకుల దారిలోనూ ఉండకూడదు. గాటు దొరికితే అది పోటీకి గంట ముందైనా సరే, ఫైనల్ అయినా సరే, కోచ్‌కి చెప్పి పక్కన పెట్టెయ్యి. ఎగరకుండా తిరిగొచ్చినా నాకు నువ్వు చిన్నీవే.

పోయిన మీట్‌లో 3.50 దగ్గర మొదలుపెట్టి మూడూ తప్పి, ఏ ఎత్తూ లేకుండా వచ్చావట. మీ అమ్మ చెబితే ఒళ్ళు మండింది. 3.70 ఎగిరే పిల్లవి, 3.30కి మొదలుపెడితే ఎవరైనా నవ్వుతారనా? నా సిగ్గు నీకెందుకే! కొత్త ఊళ్ళో మొదటి ఎత్తు తేలిగ్గా ఉండాలి. గాలి ఎదురైతే అడ్డకర్రను నిలబెట్టే స్తంభాలు, ఆ స్టాండర్డ్స్, ఎక్కడ పెట్టాలో కోచ్‌తో ముందే అనుకో, పేరు పిలిచాక నీకుండేది ఒక్క నిమిషం.

ఆ సంచి ఇంకా ఉంది. నిన్న రాత్రే అటక మీద నుంచి దింపాను. నీ పోల్‌కి రెండడుగులు ఎక్కువే, చివర మడిచి కట్టుకో. కుట్లు ఊడిన చోట అత్త మళ్ళీ కుట్టింది, లోపల కొత్త దుప్పటి పరిచాం. పైన విమానం వాళ్ళు అడిగే ప్లాస్టిక్ గొట్టమో ఇంకోటో ఏదున్నా, లోపల మాత్రం ఇది ఉండాలి. ఈరోజు తెనాలిలో ఆర్టీసీ కార్గోలో వేశాను. రసీదు ఫొటో పెడుతున్నాను, రేపు సాయంత్రం వెళ్ళి తెచ్చుకో.

మీ అమ్మ దాన్ని చూడగానే గుర్తుపడుతుంది, అంత కొత్తగా ఎలా ఉందని అడుగుతుంది. అప్పుడు ఈ ఉత్తరం చదివి వినిపించు. నేను చెప్పలేను.

మావయ్య