రెయినింగ్ గుర్రాన్ని దగ్గర్లో కొనడం గురించి, ఒకసారి దెబ్బ తిన్న నాన్నగా

డాలస్‌లో ఉంటున్నామని, మీ పాప ఏడాదిగా రెయినింగ్ (గుర్రాన్ని పరుగెత్తించి, గిర్రున తిప్పి, జారుతూ ఆపే స్వారీ పోటీ) నేర్చుకుంటోందని, చుట్టుపక్కల అమ్మేవాళ్ల దగ్గర గుర్రం కొనొచ్చా అని అడిగారు. కొనొచ్చండీ. మేమూ అలాగే కొన్నాం, కాకపోతే రెండో ప్రయత్నంలో. డెంటన్ కౌంటీలో పైలట్ పాయింట్, ఆబ్రీ వైపు వెళ్తే దారి పొడుగునా గుర్రాల ఫారాలే.

మొదట చూసింది ఐదేళ్ల గుర్రం. మేం వెళ్లేసరికే జీను వేసి, ఒళ్లంతా చెమటతో సిద్ధంగా ఉంది. ఎంత బుద్ధిగా నడిచిందంటే, మా అమ్మాయి అక్కడికక్కడే దానికి పేరు పెట్టేసింది. నేను అడ్వాన్స్ ఇచ్చేశాను. రెండోసారి ట్రాఫిక్ లేక గంట ముందే చేరాం. చూస్తే పొడుగు తాడు కట్టి దాన్ని గుండ్రంగా పరుగెత్తిస్తున్నారు! అలసిపోయాక మాకు చూపిస్తున్నారన్నమాట. ఇంకో రోజు చెప్పకుండా వెళ్లి, అలా తిప్పకముందే మా ట్రైనర్‌ని ఎక్కమన్నాం. రెండు నిమిషాల్లో ఆయన్ని కింద పడేసింది. అడ్వాన్స్ తిరిగి రాలేదు. ఇంట్లో ఆ మాట ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

దగ్గర్లో కొంటే ఉన్న సౌకర్యం ఇదే, ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు. మేం వచ్చాకే బయటికి తీయండి అని చెప్పండి. పట్టుకోవడం, జీను వేయడం మీ కళ్ల ముందే జరగాలి. ముందు వాళ్లు ఎక్కాలి, తర్వాత మీ ట్రైనర్, ఆ తర్వాతే పాప.

ఇక కాళ్లు. రెయినింగ్‌లో పెద్ద పోటీ ఫ్యూచురిటీ, ఓక్లహోమా సిటీలో జరుగుతుంది, అది మూడేళ్ల గుర్రాలకు. అందుకని రెండేళ్ల వయసులోనే శిక్షణ మొదలుపెడతారు. పరుగెత్తుతూ ఒక్కసారిగా జారుతూ ఆగడాన్ని స్లైడింగ్ స్టాప్ అంటారు, అందులో బరువంతా వెనక కాళ్ల మీద పడుతుంది. వెనక కాళ్ల మధ్య కీళ్లు, ఇక్కడ హాక్స్ అంటారు, అవి ముందు అరుగుతాయి. ఎక్స్‌రే తీయించండి, కాలు మడిచి పట్టుకుని వదిలాక కుంటుతుందేమో చూడమనండి, నొప్పి మందులు ఇచ్చారేమో తెలియడానికి రక్తం కూడా తీయించండి. వెట్‌ని, అంటే పశువుల డాక్టర్‌ని, మీరే పెట్టుకోండి, అమ్మేవాళ్ల వెట్ వద్దు. కుంటి గుర్రమైనా దాణా తక్కువేం తినదు, దాన్ని ఫారంలో ఉంచినందుకు బోర్డింగ్ బిల్లు నెలనెలా వస్తూనే ఉంటుంది.

క్వార్టర్ హార్స్ అనే అమెరికన్ జాతి గుర్రం అయితే జన్యు పరీక్ష ఫలితాలు అడగండి. లేకపోతే కుదుళ్లతో సహా వెంట్రుకలు పీకి కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ యూనివర్సిటీ ల్యాబ్‌కి పంపొచ్చు. హెర్డా అనే జబ్బు జన్యువు ఒక్క కాపీ ఉంటే స్వారీకి ఇబ్బంది లేదు. రెండూ ఉంటే జీను కింద చర్మం ఊడి వస్తుంది. కాగిన్స్ టెస్ట్ (గుర్రాలకు వచ్చే ఒక అంటురోగం లేదని చూసే రక్తపరీక్ష) కాగితం, రిజిస్ట్రేషన్ పేపర్లలో అమ్మేవాళ్ల పేరు సరిపోలడం, ఇవి ఎలాగూ చూస్తారు.

‘షోలు చేసింది’ అంటే స్కోర్లు అడగండి. లెక్క 70 నుంచి మొదలవుతుంది, ఒక్కో విన్యాసానికి ఒకటిన్నర వరకు కలుపుతారు లేదా తీస్తారు. పాపకి 75 కొట్టే గుర్రం అక్కర్లేదు. తప్పు చేసినా కంగారుపడకుండా 68 తెచ్చేది చాలు.

చివరికి మేం కొన్నది పదమూడేళ్ల గెల్డింగ్, అంటే వృషణాలు తీసేసిన మగ గుర్రం. ఏడాదికోసారి హాక్స్‌కి ఇంజెక్షన్ చేయిస్తున్నామని అమ్మినావిడే ముందుగా చెప్పారు, ఎక్స్‌రేలోనూ ఆ కీళ్ల అరుగుదలే కనిపించింది. రెండు వారాలు ట్రయల్‌కి కూడా ఇచ్చారు.

అన్నట్టు, మీ ట్రైనర్‌కి కమీషన్ ఎవరిస్తున్నారో, ఎంతో, మొహమాటపడకుండా ముందే అడిగేయండి. మేం అడగలేదు. రెండు వైపులా తీసుకున్నారని తర్వాత తెలిసింది.