జాజ్ గాయనులు పియానో వాయించేవారిని అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?

జాజ్‌లో పియానిస్టు గాయని వెంట నడిచే పక్కవాద్యకారుడు మాత్రమే కాక, ఆమెతో కలిసి పాటకు అప్పటికప్పుడు రూపమిచ్చే భాగస్వామి కూడా కాబట్టే గాయనులు అంతగా మెచ్చుకుంటారు. పాట వరుస, కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) క్రమం ముందే ఉంటాయి గాని, ఒక్కో కార్డును ఏ రూపంలో, ఏ క్షణాన పలికించాలో, ఎక్కడ ఊరుకోవాలో పియానిస్టే నిర్ణయిస్తారు. గాయని ఊపిరి తీసుకునే చోట చిన్న పలుకు వేసి, ఆమె మాటను సాగదీస్తే ఆగి, తర్వాతి స్వరానికి ఆధారం అందిస్తారు. ఈ ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టమైన విద్య.

1950లో జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, పియానిస్టు ఎల్లిస్ లార్కిన్స్ వాద్యం ఒక్కటే తోడుగా, అమెరికా స్వరకర్త గెర్ష్విన్ పాటలు రికార్డు చేశారు. డ్రమ్స్, బేస్ వాద్యాలు లేని ఆ పాటల్లో లయనూ ఆధారాన్నీ ఆయన చేతులే మోస్తాయి, అయినా ఆమె గొంతును కప్పవు.

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో పద్యనాటకాల హార్మోనియం విని పెరిగిన మనలో చాలామంది, పక్కవాద్యమంటే పాడిన వరుసనే పలికించడమని అనుకుంటాం. జాజ్ పియానిస్టు సాధారణంగా ఆ పని చేయరు. చేస్తే, పదాన్ని కాస్త ముందుకో వెనక్కో జరిపి పాడే స్వేచ్ఛ గాయనికి తగ్గిపోతుంది.