దెయ్యం పెడితే నవ్వుతున్నారా? బోరు వేయించండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది: బెంగళూరులో ఐదుగురు తెలుగు స్నేహితులు ఏడాదిగా శనివారం రాత్రుళ్ళు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడుతున్నారు. ఈసారి హారర్ ఆడించాలని మీకుంది. కానీ దెయ్యాన్ని తేగానే అందరూ నవ్వేస్తున్నారు. హారర్‌లో ఇన్ని రకాలున్నాయి కదా, ఏది తీసుకోవాలి, ఆటలోకి ఎలా తేవాలి?

నేను మారతహళ్ళి దగ్గర ఉంటాను. ఆరేళ్ళుగా ఇక్కడి తెలుగు గుంపుకు ఆడిస్తున్నాను, అంటే కథ చెప్పి నడిపించే గేమ్ మాస్టర్‌ని నేను. మా దగ్గర కూడా మొదట నవ్వే వచ్చింది, కాబట్టి అక్కణ్ణుంచే చెప్తాను.

మొదటిసారి నేను పాడుబడ్డ జమీందారు బంగళా పెట్టాను. లైట్లు ఆర్పాను, ఫోన్లో వాన చప్పుడు పెట్టాను, గొంతు తగ్గించి రెండు నిమిషాలు వర్ణించాను. మెట్ల మీద తెల్లచీర కనబడగానే మా చిత్తూరు తమ్ముడు "ఇనిషియేటివ్ వేద్దామా అన్నా?" అన్నాడు, అంటే కొట్లాటలో ముందెవరి వంతో తేల్చే డైస్. క్లెరిక్, అంటే పూజారి పాత్ర ఆడుతున్న అమ్మాయి, దెయ్యాల్ని తరిమే టర్న్ అన్‌డెడ్ శక్తి వాడింది. దెయ్యం పరుగో పరుగు. మూడో రౌండుకల్లా పని అయిపోయింది, ఈలోగా బిరియానీ కూడా వచ్చింది.

తప్పు వాళ్ళది కాదు. ఆ ఆట 1974 నుంచీ నేర్పుతున్నదే అది: ఎదురొచ్చినదానికి హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటుందో చెప్పే అంకె) ఉంటాయి, హిట్ పాయింట్లు ఉన్నదేదైనా చస్తుంది. పైగా మనం హారర్ కామెడీ సినిమాలు చూసి పెరిగిన జనం. తెల్లచీర కనబడితే వెనకాలే కమెడియన్ కెవ్వుమంటాడని మనకు ముందే తెలుసు, అందుకని ముందే నవ్వేస్తాం. అదే ఆటలో 1983లో వచ్చిన రేవెన్‌లాఫ్ట్ అనే కథ ఉంది, కోటలో రక్తపిశాచి ప్రభువు. బాగుంటుంది గానీ, మావాళ్ళలో అది భయం కన్నా ఆ ప్రభువు మీద కసి ఎక్కువ పుట్టించింది.

తర్వాత నాకు పట్టుబడిన సంగతి ఒకటే. హారర్‌లో ప్రతి రకమూ ఆటగాడి చేతిలోంచి ఏదో ఒకటి లాక్కుంటుంది. ఒకటి ప్రాణం, ఒకటి తన తెలివి మీద నమ్మకం, ఒకటి పక్కవాడి మీద నమ్మకం, ఒకటి ఇంటికి పోయే దారి. ఏది లాక్కోవాలో ముందు తేల్చుకోండి. దాన్ని లెక్కపెట్టే రూలు ఉన్న ఆట తెచ్చుకోండి, లేకపోతే ఆ రూలు మీరే కట్టండి. దెయ్యం సంగతి ఆఖర్న చూసుకోవచ్చు, అది రాకపోయినా ఆట నడుస్తుంది.

కాస్మిక్ హారర్ అంటారు చూడండి, మనిషిని పూచికపుల్లగా కూడా లెక్కచేయని పెద్దదేదో ఉందని, దాని గురించి తెలుసుకోవడమే ప్రమాదమని. ఆ రకానికి పేరుపడ్డ ఆట కాల్ ఆఫ్ కథూలూ, 1981లో వచ్చింది. ఎక్కువగా 1920ల అమెరికాలో నడుస్తుంది. నేను పుస్తకంలో ఉన్నట్టే ప్రొఫెసర్లు, పాత లైబ్రరీ, సముద్రపు ఒడ్డున పాడు పట్నం అన్నీ పెట్టాను. ఎవరికీ ఎక్కలేదు. మాలో ఒకమ్మాయిది విశాఖ, "సముద్రానికి భయపడ్డమేంటి, మేం రోజూ సాయంత్రం అక్కడే ముంతమసాలా తింటాం" అంది.

మాది కదిరి వైపు. అక్కడ పెరిగినవాణ్ని భయపెట్టాలంటే బోరు చాలు. పాయింట్ పెట్టే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. నీళ్ళున్న చోట కాయ నిక్కి నిలబడుతుందంటారు. తర్వాత బోరు బండి వస్తుంది. మూడు వందల అడుగులు, దుమ్ము. ఐదు వందలు, దుమ్ము. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. అక్కడితో ఆపితే పెట్టిందంతా మట్టిపాలు. ఇంకో యాభై దింపితే తడి తగలొచ్చు. అప్పటికి ఇంట్లో బంగారం కుదువకు పోయి ఉంటుంది. కింద ఉన్న బండరాయికి ఇదంతా ఏం పట్టింది? కాస్మిక్ హారర్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను. బెంగళూరు వాళ్ళకూ ఇది పరాయి సంగతి కాదు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఈ ఊళ్ళో కావలసినన్ని. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం ఫోన్లు పట్టుకుని కూర్చోనిదెవరు?

దాన్నే ఆట చేశాను. వైట్‌ఫీల్డ్ అవతల కొత్త అపార్ట్‌మెంట్, ఎండిన బోరు, ఐదుగురు ఆటగాళ్ళూ అసోసియేషన్ కమిటీ సభ్యులు. పాయింట్ పెట్టే ఆయన వచ్చాడు. కాయ నిలబడింది, కానీ అక్కడితో ఆగలేదు. మెల్లగా తిరిగి, మూడు కళ్ళతో సెక్రటరీ వైపు చూసింది. నేను చూపించిన వింత మొదటి గంటలో అదొక్కటే.

డబ్బుకు బదులు చింతగింజలు పెట్టాను, ఒక్కొక్కరికి ఇరవై. ప్రతి రెండు వందల అడుగులకు బండి ఆపి "ఆపుదామా, దింపుదామా?" అని అడిగేవాణ్ని. మొదటి దఫాకు తలా ఒక గింజ, తర్వాత రెండు, తర్వాత మూడు. గింజలు ఎవరివి వాళ్ళవే, ఓటు మాత్రం అందరిదీ. ఎనిమిది వందల దగ్గర బోరు గాలిని లోపలికి లాగడం మొదలుపెట్టింది, కాగితం పెడితే కేసింగ్ నోటికి అతుక్కుపోయింది. వెయ్యి దగ్గర బిల్డింగులో పసిపిల్లలందరూ ఒకేసారి నిద్రలేచారు, ఎవరూ ఏడవలేదు. "ఆపేద్దాం రా" అన్నాడు మా చిత్తూరు తమ్ముడు. "పదిహేను గింజలు పోయాక ఇప్పుడాపేదేంటి?" అంది విశాఖ అమ్మాయి. ఒక్కరంటే ఒక్కరూ నవ్వలేదు.

ఆరో దఫాకు తలా ఆరు గింజలు కావాలి. అందరి దగ్గరా ఐదే మిగిలాయి. ఒకర్ని పక్కకు నెట్టి వాళ్ళ గింజలు నలుగురూ తలా ఒకటి తీసుకుంటే తప్ప బండి కదలదు. నిజం చెప్పాలంటే ఆ లెక్క నేను కావాలని వేసింది కాదు, అలా కుదిరింది. ఎవర్ని నెట్టాలన్న మాట మొదలవగానే గదిలో గాలి మారిపోయింది.

నా తప్పు కూడా ఇక్కడే బయటపడింది. "నాకు అప్పివ్వరా" అని ఎవరో అనగానే మాలో ఒకబ్బాయి గింజలు బల్ల మీద పెట్టి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. సిగరెట్‌కేమో అనుకున్నాను. ఇరవై నిమిషాలైనా రాలేదు. వాళ్ళ నాన్న నాలుగు బోర్లు వేయించి చేను అమ్ముకున్న సంగతి నాకు తెలుసు. వాడే ఒకసారి చెప్పాడు. ఆట రాసుకునేటప్పుడు అది నా బుర్రకు తట్టనే లేదు. అప్పట్నుంచి మొదటి డైస్ పడకముందే ఒక పూట కూర్చుని ఏవి వద్దో, ఏవి చూచాయగా చెప్పి దాటేయాలో మాట్లాడుకుంటున్నాం. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తున్న కార్డు ఒకటి ఉంటుంది. ఎవరు ముట్టుకున్నా ఆ సంగతి అక్కడితో వదిలేస్తాం, ఎందుకని అడగం. ఇది నేను కనిపెట్టింది కాదు, ఎక్స్ కార్డ్ పేరుతో అంతటా వాడుకలో ఉన్నదే. హారర్‌కు అది లేకుండా కూర్చోకండి. ఆ అబ్బాయి మరుసటి వారం వచ్చి, ఆట పూర్తి చేద్దామని తనే పట్టుబట్టాడు. అప్పు ఒక్కటీ తీసేశాం.

కాల్ ఆఫ్ కథూలూ పుస్తకం మీరు ఎలాగూ తిరగేస్తారు కాబట్టి ఒక రూలు చెప్తాను, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. అందులో శానిటీ అని, పాత్రకు మతి ఎంత నిలకడగా ఉందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. ఒక్క దెబ్బకు ఐదో అంతకన్నా ఎక్కువో పోతే తెలివి మీద డైస్ వేయాలి. ఓడితే మనసు ఆ దృశ్యాన్ని కప్పెట్టేసి మిమ్మల్ని కాపాడుతుంది. గెలిస్తే చూసిందేమిటో అర్థమవుతుంది, పిచ్చెక్కుతుంది. మొదటిసారి ఇది చదివి పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మరో మాట: ముఖ్యమైన ఆధారం దొరకడాన్ని మాత్రం డైస్ మీద పెట్టకండి. మావాళ్ళు లైబ్రరీలో వరసగా ఓడిపోయి గంటన్నర అక్కడే తిరిగారు.

ఫోక్ హారర్, అంటే పల్లె నమ్మకాల్లోంచి పుట్టే భయం, మనకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకుంటాం. పొలిమేర, గ్రామదేవత, జాతర, బలి నెత్తురు కలిపిన అన్నం ఊరి చుట్టూ చల్లుతూ "పొలి, పొలి" అని అరుచుకుంటూ పోవడం, అన్నీ ఉన్నాయి. వీటిని అలంకారంగా వాడితే మళ్ళీ బంగళా గతే. ఈ రకం లాక్కునేది ఇంటికి పోయే దారిని. సెలవుకు ఊరొచ్చిన ఐదుగురు, సోమవారం పొద్దున ఆఫీసు, ఆదివారం రాత్రి పొలిమేర దాటకూడదంటారు. ఎందుకని అడిగితే అందరూ ప్రేమగానే కసురుతారు. ఊళ్ళో చిన్నపిల్లకు కూడా తెలిసిన కారణం వీళ్ళకొక్కళ్ళకే తెలియదు. ఊరివాళ్ళను మూర్ఖులుగా చూపించకండి. చివరికి ఊరి మాటే నిజమని తేలితే ఇంకా వణుకు పుడుతుంది. చేతబడి చేసే ముసలమ్మను మాత్రం విలన్‌గా పెట్టొద్దు. ఆ అనుమానంతో మన పల్లెల్లో నిజంగా మనుషుల్ని చంపారు. కావాలంటే ఆ అనుమానం ఇంటింటికీ ఎలా పాకుతుందో ఆడించండి, అది చాలినంత భయంకరం.

ఇదే కోవలో తేలికైనది కావాలంటే గోడ మీద రాత ఉంది. "ఓ స్త్రీ రేపు రా" మా ఊళ్ళో చాలా ఇళ్ళ మీద ఉండేది. మా ఆఫీసులో కన్నడ అబ్బాయిని అడిగితే, తొంభైల్లో వాళ్ళ వీధిలో తలుపుల మీద "నాళె బా" (రేపు రా) అని రాసేవారని చెప్పాడు. దెయ్యానికి చదువొచ్చని, మాట మీద నిలబడుతుందని రెండు భాషల వాళ్ళమూ నమ్మామన్నమాట. దాని మీద ఒక్క రాత్రి ఆట కట్టాను. కన్నడ వీధిలో తెలుగు కుర్రాళ్ళు అద్దెకు దిగి తలుపు మీద తెలుగులో రాసుకున్నారు. ఆవిడ వచ్చింది. లిపులు దగ్గరివే కదా, అక్షరాలు పోల్చుకుని పైకి చదివింది. అర్థం కాలేదు. తలుపు తట్టింది. మావాళ్ళు ఇక్కడ నవ్వారు, తర్వాత ఆవిడ ఒక్కొక్క అక్షరం మళ్ళీ చదువుతుంటే ఆపేశారు. నవ్వు రావడం తప్పేం కాదండీ, దాన్ని అక్కడే వదిలేయకపోతే చాలు.

ఎలాగోలా ప్రాణాలతో బయటపడడమే పనిగా ఉండే సర్వైవల్ హారర్‌కు 2019లో వచ్చిన ఏలియన్ ఆట చూడండి. టెన్షన్ పెరిగేకొద్దీ చేతికి అదనంగా డైస్ వస్తాయి, పని ఇంకా బాగా అవుతుంది. ఆ అదనపు డైస్‌లో ఏ ఒక్కదానికి 1 అంకె పడినా పానిక్, అంటే పాత్ర బెంబేలెత్తిపోయే ప్రమాదం. సాఫ్ట్‌వేర్ రిలీజ్ రాత్రి ఆఫీసులో ఉన్నవాళ్ళకు ఇంతకన్నా విడమర్చక్కర్లేదు.

పది కొవ్వొత్తులు వెలిగించి ఆడే టెన్ కాండిల్స్ (2015) వేరే లోకం. చివరికి అందరూ చస్తారని మొదటే చెప్పేస్తారు. ప్రతి సీన్‌కూ ఒక దీపం ఆరుతుంది. మొదట్లో ఒక్కొక్కరూ తమ పాత్ర గొంతుతో రికార్డు చేసిన మాటల్ని అంతా అయిపోయాక చీకట్లో వినిపిస్తారు. ఫ్యాన్ ఆపాలి, లేకపోతే గాలికే ఆరిపోతాయి. ఆరినా సీన్ అయిపోయినట్టే లెక్క. బెంగళూరులో ఉన్నాం కాబట్టి సరిపోయింది, చెన్నైలో ఫ్యాన్ ఆపి మూడు గంటలు కూర్చుంటే హారర్ వేరే అక్కర్లేదు. మేం చూసుకోకుండా అమావాస్య రోజు పెట్టుకున్నాం. ఇంటి ఓనరు ఆంటీ తలుపు తోసి, చీకట్లో ఐదుగుర్నీ కొవ్వొత్తుల్నీ చూసి, "ఏనప్పా ఇదు, పూజేనా?" అంది. ఆ రాత్రి నిజంగా భయపడింది ఆవిడే.

రూలు మీరే కట్టుకుంటే చందమామ బేతాళుణ్ణి గుర్తుపెట్టుకోండి. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది, చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఎటు పోయినా నష్టమే, అయినా ఎటో ఒక వైపు పోవాలి. నా చింతగింజలకు మూలం అదే.

మీ గుంపు మొదటి రాత్రికి మాత్రం డ్రెడ్ అనే ఆట పెట్టండి. అందులో డైస్ ఉండవు, టవర్‌గా పేర్చిన జెంగా చెక్కలు 54 ఉంటాయి. కష్టమైన పని ఏది చేయాలన్నా ఒక చెక్క లాగాలి. టవర్ ఎవరి చేతిలో కూలితే వాళ్ళ పాత్ర కథలోంచి పోయినట్టే. హంతకుడు ఒక్కొక్కర్నీ వేటాడే స్లాషర్ కథలకు ఇంతకన్నా మంచిది నేను చూడలేదు, ఎందుకంటే చేతులు నిజంగానే వణుకుతాయి. బల్ల గట్టిది చూసుకోండి. మా పాత ఫ్లాట్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే, మెట్రో పనుల లారీ పోయినప్పుడల్లా టవర్ ఊగేది. ఒకసారి ఎవరూ చెయ్యి పెట్టకుండానే కూలింది. మరి చచ్చిందెవరు? అరగంట వాదించుకుని, ఉక్కగా ఉందని కిటికీ తెరిచినవాళ్ళదే తప్పని తేల్చారు. తెరిచింది నేను. గేమ్ మాస్టర్‌కు చావడానికి పాత్ర ఉండదు గనుక బిరియానీ బిల్లు నా మీద వేశారు.