ఆదికాండముపై పాఠాలు రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు.

యౌవనస్థుల కూటానికి ఆదికాండము మొదటి పదకొండు అధ్యాయాల మీద నువ్వు రాసిన పాఠాల్లో, రెండో పేరాకే "మన జీవితాలకు అన్వయం" మొదలైపోతోంది. వాక్యం ఏమన్నదో చదివేవాళ్లు ఇంకా చూడనేలేదు, ఏం చెయ్యాలో నువ్వు చెప్పేశావు. అలా రాస్తే ఏ అధ్యాయం తెరిచినా చివరికి అవే మూడు మాటలు మిగులుతాయి: ప్రార్థించండి, లోబడండి, లోకాన్ని ప్రేమించకండి. మంచి మాటలే. వాటికోసం ఆదికాండమే తెరవక్కర్లేదు.

ముందు భాగాలు పంచుకో. మొత్తం 299 వచనాలు, మూడు నెలలకు 13 ఆదివారాలు. మొదటి అధ్యాయానికి రెండు పాఠాలు, రెండుకు ఒకటి, మూడుకు రెండు, నాలుగు, ఐదులకు ఒక్కొక్కటి, జలప్రళయానికి మూడు, పది-పదకొండుకు రెండు. పన్నెండయ్యాయి. పదమూడో ఆదివారం వాళ్ల ప్రశ్నలకు వదిలెయ్. అధ్యాయం అంకె చూసి మాత్రం కోయకు, ఆ అంకెలు 13వ శతాబ్దంలో వచ్చాయి. ఏడో దినం 2:1-3లో ఉంది, దాన్ని మొదటి పాఠాలతోనే చదివించాలి. లేకపోతే విశ్రాంతి లేకుండానే సృష్టి అయిపోతుంది. ఈ పుస్తకం తనంతట తాను గీసుకున్న గీతలు వేరే ఉన్నాయి: 2:4, 5:1, 6:9, 10:1, 11:10, 11:27. హెబ్రీలో అన్నిచోట్లా 'తోలెదోత్' అనే మాటే. మన పాత అనువాదం మొదటిచోట "ఉత్పత్తిక్రమము" అనీ, తర్వాత "వంశావళి" అనీ రాయడంతో తెలుగులో ఆ గొలుసు తెగిపోయింది. పాఠంలో నువ్వే అతకాలి.

కొన్నిచోట్ల మాత్రం తెలుగే మనకు మేలు చేసింది. 2:15లో నరుణ్ణి తోటలో ఉంచింది దాన్ని సేద్యపరచుటకు, "కాచుటకు". 3:24లో అదే తోటకు తూర్పున జీవవృక్షపు మార్గాన్ని "కాచుటకు" కెరూబులు, అంటే దేవదూతలు, నిలబడ్డాయి. 4:9లో తమ్ముణ్ణి చంపిన కయీను "నా తమ్మునికి నేను కావలివాడనా" అంటాడు. హెబ్రీలో మూడింటికీ ఒకటే ధాతువు, తెలుగులోనూ అంతే. కాయమని నిలబెట్టినవాడు కాయలేదు, కావలి చేయి మారింది, అతని కొడుకు కావలి అన్న మాటనే ఎగతాళి చేశాడు. యౌవనస్థుల చేత ఈ మూడు వచనాల కింద పెన్సిలుతో గీత గీయించు. అప్పుడు "నీ కావలిలో ఉన్న ఒక్కరి పేరు రాయి, ఈ వారం వాళ్లకోసం ఏం చేస్తావో రాయి" అంటే, ఆ అన్వయం వాక్యంలోంచి వచ్చినట్టుంటుంది.

అలాంటిదే "వాంఛ". 3:16లో "నీ భర్తయెడల నీకు వాంఛ కలుగును, అతడు నిన్ను ఏలును" అని ఉంది. 4:7లో వాకిట పొంచి ఉన్న పాపానికి కయీను మీద వాంఛ, అతడు దాన్ని ఏలాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టకుండా 3:16 మీద ఒక్క వాక్యం కూడా రాయకు. అది పాపం తర్వాత చెడిపోయిన సంబంధాన్ని వర్ణించే మాట, పెళ్లిలో వరుడికిచ్చే అధికారపత్రం కాదు. 2:18లోని "సాటియైన సహాయము" కూడా పెళ్లి ప్రసంగాల్లో నలిగిపోయింది. అక్కడి 'ఏజెర్' అనే హెబ్రీ మాటే 121వ కీర్తనలో "యెహోవావలననే నాకు సహాయము" అన్నచోటా ఉంది. సహాయం అంటే పనిమనిషి అనుకునేవాళ్లకు ఆ కీర్తన చదివించు, చాలు.

వాక్యంలో లేనివాటి పట్టీ కూడా దగ్గర పెట్టుకో. తిన్న పండు ఆపిల్ అని లేదు. మూడో అధ్యాయంలో "శపింపబడినది" అన్న మాట సర్పానికీ నేలకూ పడింది, హవ్వకు కాదు. కయీను మీది గుర్తు శాపం కాదు, అతణ్ణి ఎవరూ చంపకుండా వేసిన రక్ష. 9:25లో శాపం పడింది నోవహు కొడుకు హాము మీద కాదు, హాము కొడుకు కనాను మీద. ఆ ఒక్క వచనాన్ని వక్రంగా చదివి నల్లవారిని బానిసలుగా ఉంచడాన్ని సమర్థించుకున్నవాళ్లు ఉన్నారు. తొందర చదువు ఖరీదు అంత దూరం పోతుంది.

ఆరు దినాలు ఎన్ని గంటలవి అని ఎవరో ఒకరు అడుగుతారు. పది నిమిషాలు ఇవ్వు, అంతకు మించి ఇవ్వకు. తొలి శతాబ్దాల సంఘ పండితుడు అగస్టీను కాలం నుంచే విశ్వాసులు దీన్ని రకరకాలుగా చదివారని చెప్పి, వచనం అమర్చిన తీరు చూపించు: మొదటి మూడు దినాలు చోటు ఏర్పరచడం, తర్వాతి మూడు ఆ చోటును నింపడం. వెలుగుకు ఎదురుగా జ్యోతులు, ఆకాశ జలాలకు ఎదురుగా పక్షులూ చేపలూ, ఆరిన నేలకు ఎదురుగా జంతువులూ నరులూ. పలకమీద రెండు నిలువు వరుసలుగా రాస్తే చూసినవాళ్లు మరిచిపోరు.

ఓడ కొలతలు వదిలెయ్యకు. 300, 50, 30 మూరలు. పూలు మూరల్లో కొనే మనకు మూరంటే మోచేతి నుంచి వేలి కొస దాకా అని చెప్పనక్కర్లేదు. 45 సెంటీమీటర్ల లెక్కన పొడవు 135 మీటర్లు, వెడల్పు 22.5, ఎత్తు 13.5. జంతువులన్నీ జతే అనుకుంటారు. 7:2లో పవిత్రమైనవి ఏడేసి జతలు, ఎందుకో 8:20లో బలిపీఠం దగ్గర తెలుస్తుంది. కానీ ఓడకు పూసిన కీలు క్రీస్తు రక్తమనీ, మూడు అంతస్తులు త్రిత్వమనీ సాగదీయకు. కొత్త నిబంధన తానే వెనక్కి చూసిన చోట నువ్వూ చూడు: మత్తయి 19:4-5, రోమా 5, 1 కొరింథీ 15, 1 పేతురు 3:20-21.

ఐదో అధ్యాయాన్ని దాటవేయాలని చూశావు. గట్టిగా చదివించు. "మృతిబొందెను" ఎనిమిదిసార్లు గంటలా మోగుతుంది, చావకుండానే దేవుడు తీసుకుపోయిన హనోకు దగ్గర ఒక్కసారి ఆగుతుంది. లెక్క ఇష్టమున్నవాడికి మెతూషెల లెమెకును కన్న వయసు 187, లెమెకు నోవహును కన్న వయసు 182, జలప్రళయం నాటికి నోవహు వయసు 600 కూడమను. మెతూషెల 969 ఏళ్లకు చనిపోయింది జలప్రళయం వచ్చిన ఏడాదేనని వాడే చెబుతాడు.

పాఠానికి ఐదు ప్రశ్నలు మించనివ్వకు: మూడు వచనం చూసి జవాబిచ్చేవి, ఒకటి వేరే చోటితో కలిపేది, ఒకటి ఈ వారం చెయ్యాల్సింది. "అవును", "కాదు"తో తేలిపోయే ప్రశ్న కొట్టెయ్. ముందు కయీను పాఠం తిరగరాసి పంపు, బాబెలు సంగతి ఆ తర్వాత చూద్దాం.

నీ అన్నయ్య