ఇంటీరియర్ డిజైనర్, డెకరేటర్ ఇద్దరూ ఒకటేనా?

కాదు, ఇంటీరియర్ డిజైనర్ గది ఎలా ఉపయోగపడాలో ప్లాన్ గీసి పని చేయిస్తారు, డెకరేటర్ సిద్ధమైన గదికి రంగులు, కర్టెన్లు, ఫర్నిచర్‌తో అందం తెస్తారు.

అసలు తేడా గోడల లోపల ఉంటుంది. స్విచ్ బోర్డులు ఎక్కడ రావాలి, నీళ్ల పైపులు ఎటు పోవాలి, అల్మరా లోతెంత అన్నవి డిజైనర్ తేల్చాలి. అందుకే ప్లాస్టరింగ్‌కు ముందే ఆయన్ని పిలవాలి. తర్వాత పిలిస్తే చేసిన గోడను మళ్లీ చెక్కాల్సిందే. డెకరేటర్ పుట్టీ పని అయ్యాక వచ్చినా చాలు.

విశాఖలో బీచ్‌కు దగ్గరున్న ఫ్లాట్‌నే ఉదాహరణగా తీసుకోండి. ఉప్పుగాలికి మామూలు ఇనుప కబ్జాలు (తలుపుల హింజ్‌లు) త్వరగా తుప్పు పట్టి, తలుపు తీసినప్పుడల్లా కిర్రుమంటాయి. మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీల్ కబ్జాలు, సింకు కింద ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేయించడం డిజైనర్ బాధ్యత. బాల్కనీ ఎండకు తొందరగా వెలిసిపోని కర్టెన్ గుడ్డ, దానికి నప్పే సోఫా రంగు డెకరేటర్ చూస్తారు.

డిజైనర్ సరేనంటే ఏ గోడైనా కొట్టేయొచ్చని చాలామంది అనుకుంటారు. ఇది నిజంగా ప్రమాదం. పిల్లర్లు, బీములు, బరువు మోసే గోడల జోలికి వెళ్లాలంటే స్ట్రక్చరల్ ఇంజనీర్ చూసి తీరాలి. ఇంకో మాట: ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలంటే 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇంటీరియర్ డిజైనర్ అన్న పేరుకు ఆ చట్టం వర్తించదు. కాబట్టి బోర్డు మీద ఏం రాసుందో కాదు, కొలతలతో గీసిన డ్రాయింగులు చూపించమనండి.